సైకిలు కొన్నాక ముందు కొనాల్సింది ఒక్క నిక్కరే

పోయిన వారం మా తోడికోడలు ఫోన్ చేసింది. సైకిలు కొనుక్కుందట, గేర్లది, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదట. "అక్కా, బట్టల సంగతి చెప్పు, ఫోన్లో చూసుకుంటూ పోతే 9 వేలు దాటేస్తోంది" అంది. ఏమేం పెట్టావో చదవమన్నాను. మూడు జెర్సీలు, రెండు టైట్లు, బూట్లు, గ్లవ్స్, కళ్ళజోడు, తలకి కట్టుకునే గుడ్డ. అసలు కావాల్సిన సైక్లింగ్ నిక్కరు, అదే లోపల ప్యాడ్ కుట్టినది, అది మాత్రం అందులో లేదు. అదేమంటే, "లోపల అంత మందంగా ఏదో కుట్టుంది కదక్కా, అది వేసుకుని మనుషుల్లో ఎలా తిరుగుతాం" అంది.

ఆ రోజు గంటకి పైగా మాట్లాడుకున్నాం. తనకి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్ళ కిందట నేను మొదలుపెట్టినప్పుడు ఈ విషయాలు తెలుగులో, అందులోనూ ఆడవాళ్ళకి పనికొచ్చేలా చెప్పినవాళ్ళు నాకు ఎవరూ దొరకలేదు. వీడియోల్లో చెప్పేవాళ్ళలో ఎక్కువమంది చలిదేశాల వాళ్ళు, ఒకదాని మీద ఒకటి మూడు పొరలు వేసుకోమంటారు. మేముండేది విశాఖపట్నంలో. మే నెలలో ఇక్కడ తెల్లవారి ఐదింటికే ఒళ్ళు జిగటగా ఉంటుంది.

నా సంగతి ముందు చెప్తాను. మొదటి నెలంతా ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే దాకా వెళ్ళి వచ్చేదాన్ని. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కాబట్టి భయం లేకుండా తొక్కొచ్చు, అరగంటలో ఇల్లు చేరిపోవచ్చు. ఇంట్లో ఉన్న కాటన్ లెగ్గింగ్స్, కాటన్ కుర్తీ, మామూలు లోదుస్తులు, అంతే. ఏ ఇబ్బందీ రాలేదు. అరగంటకి రాదు కూడా, ఎవరైనా కొత్తగా మొదలుపెట్టి రోజూ ఐదారు కిలోమీటర్లే తొక్కుతుంటే వాళ్ళకి నేను ఏమీ కొనొద్దనే చెప్తాను. ఆ తర్వాత ఒక ఆదివారం నలుగురితో కలిసి భీమిలి బయల్దేరాను, రానూపోనూ 50 కిలోమీటర్లకి అటూఇటూ ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. తెన్నేటి పార్కు దాటాక కుడిపక్కన సముద్రం, ఎడమపక్కన కొండలు, తొట్లకొండ కింద రోడ్డు ఎక్కి దిగుతుంటే ఇంకా ఎంతదూరమైనా పోవచ్చనిపించింది. తిరిగొచ్చేటప్పుడు ఎండెక్కింది, ఎదురుగాలి మొదలైంది, లెగ్గింగ్స్ చెమటకి తడిసి తొడలకి అతుక్కుపోయాయి. రుషికొండ దగ్గరికి వచ్చేసరికి సీటు మీద కూర్చోలేకపోయాను. సాగర్ నగర్ నుంచి కొంత దూరం దిగి నడిపించుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటే తొడల లోపలివైపు భగ్గుమంది, రెండు పక్కలా చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలిపోయింది. నాలుగు రోజులు ఆఫీసులో కుర్చీ అంచున కూర్చున్నాను.

సీటుదే తప్పనుకున్నాను. సీటు మీద వేసే జెల్ కవరు ఒకటి కొన్నాను, అది తొక్కుతున్నప్పుడు అటూఇటూ జరుగుతూ ఒరిపిడి ఇంకా పెంచింది. తర్వాత మాతో తొక్కే ఒక పెద్దాయన నన్ను సైకిలు మీద కూర్చోబెట్టి, పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెట్టమన్నారు. మడమ పెట్టినప్పుడు కాలు చాచినట్టు నిటారుగా రావాలి, నాదేమో బాగా వంగి ఉంది, అంటే సీటు రెండంగుళాలు తక్కువలో ఉందన్నమాట. సీటు కిందికి ఉంటే బరువంతా దాని మీదే పడుతుంది, కాళ్ళు మోయవు. సీటు ఎత్తు సరిచేశాక సగం నొప్పి పోయింది, పైసా ఖర్చు కాలేదు. అందుకే మా తోడికోడలికి కూడా ముందు ఇదే చూసుకోమన్నాను. సీటు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన బట్టలు వేసుకున్నా నొప్పి తగ్గదు.

మిగతా సగం నొప్పికి మందేమో ప్యాడ్ ఉన్న నిక్కరు. సైకిలు మీద మన బరువు మోసేది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు, గట్టి బల్ల మీద కూర్చుంటే తగులుతాయే, అవి. కాలు గంటకి కొన్ని వేలసార్లు కదులుతుంది, కదిలినప్పుడల్లా వాటికీ సీటుకీ మధ్య చర్మం ఒరుసుకుంటుంది. అక్కడ ఒక కుట్టు ఉన్నా, మడత ఉన్నా, తడిసిన గుడ్డ ఉన్నా చర్మాన్ని కోసేస్తుంది. సైక్లింగ్ నిక్కరులో ప్యాడ్‌ని కుట్లు సీటుకి తగిలే చోట రాకుండా అమరుస్తారు, బట్ట చర్మానికి అంటుకునే ఉండి కాలితో పాటు సాగుతుంది. కాబట్టి చర్మానికీ గుడ్డకీ మధ్య రాపిడి ఉండదు, రాపిడంతా గుడ్డకీ సీటుకీ మధ్య జరిగిపోతుంది. దీని పనల్లా ఇదే. మెత్తగా ఉండటం రెండో సంగతి.

అందుకే దీని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ మాట అనగానే ఫోన్లో అటునుంచి కాసేపు మాట లేదు. కానీ ఇది నిజంగానే అందరూ చేసే తప్పు, నేనూ రెండు నెలలు చేశాను, లోదుస్తు వేసుకుని దాని మీద నిక్కరు వేసుకునేదాన్ని. అప్పుడు కుట్లు లేకుండా అంత శ్రమపడి కుట్టిన నిక్కరు కింద మనమే కుట్లున్న గుడ్డ పెట్టినట్టవుతుంది, చెమట కూడా అక్కడే ఆగిపోతుంది. నెలసరి రోజుల సంగతి కూడా అడిగింది, అడగడం మంచిదైంది. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళకి ఏ తేడా లేదు. శానిటరీ ప్యాడ్ వాడేవాళ్ళు ఆ రోజుల్లో కుట్లు లేని పల్చటి లోదుస్తు వేసుకుని దూరం తగ్గించుకోవాలి, నేనైతే మొదటి రెండు రోజులు పది కిలోమీటర్లు దాటను.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను. ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదని షాపులో చెప్తారు, నాకూ అలాగే చెప్పి బొద్దుగా జెల్ దిమ్మలున్నది అంటగట్టారు, 600 పెట్టి కొన్నాను, మూడు ఉతుకులకే లోపలి స్పాంజి ఒక పక్కకి పోగుపడింది. చేత్తో నొక్కి చూడండి. కొంచెం గట్టిగా ఉండి, నొక్కు తీయగానే తిరిగి పైకి రావాలి. దూదిలా అణిగిపోయేది ఎముకల కింద కూడా అలాగే అణిగిపోతుంది. ఆడవాళ్ళకి ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ, అందుకే లేడీస్ నిక్కర్లలో ప్యాడ్ వెనకవైపు వెడల్పుగా, ముందువైపు పొట్టిగా ఉంటుంది. ఇంట్లో మగవాళ్ళది ఉంది కదా అని వాడుకోవద్దు. సైజు బిగుతుగా ఉండాలి, తొడ దగ్గర ముడతలు పడకూడదు, పడితే అక్కడే ఒరుస్తుంది. ట్రయల్ రూములో నిలబడితే ప్యాడ్ ఎబ్బెట్టుగానే అనిపిస్తుంది. నిలబడి చూసుకుంటే తేలదు, ముందుకి వంగి రెండు చేతులూ ఏ స్టూలు మీదో ఆనించి చూసుకోవాలి. ఆ భంగిమలో నడుం దగ్గర కిందికి జారిపోకుండా, పొట్ట దగ్గర కోసుకోకుండా ఉంటే అదే మీ సైజు. నేను ఇప్పుడు వాడేది డెకాథ్లాన్‌లో 1,100కి కొన్నాను, మూడో ఏడు నడుస్తోంది. భుజాల మీదుగా పట్టీలుండే బిబ్ రకం కూడా ఉంటుంది, పొట్ట దగ్గర ఎలాస్టిక్ ఉండదు కాబట్టి మగవాళ్ళు దాన్ని చాలా మెచ్చుకుంటారు. మనకి మాత్రం బాత్రూముకి వెళ్ళాల్సి వస్తే పైది మొత్తం విప్పాలి, భీమిలి రోడ్డులో అలాంటి చోటు దొరకడమే కష్టం. మొదట్లో వద్దనే నా సలహా.

క్రీము గురించి ఒక ముక్క. నిక్కర్లతో పాటు షామీ క్రీము అని డబ్బా అమ్ముతారు, తప్పనిసరి అన్నట్టు చెప్తారు. షామీ అంటే ఒకప్పుడు మెత్తటి తోలు. ఇప్పుడు మనం వేసుకునే సాగే బట్టలోని సాగే దారాన్ని 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే జోసెఫ్ షివర్స్ తయారుచేశాడు. అంతకుముందు పందెం సైక్లిస్టులు ఉన్ని నిక్కర్లే వేసుకునేవాళ్ళు, లోపల ఆ తోలు ముక్క కుట్టేవాళ్ళు. ఉతికి ఆరేస్తే తోలు అట్టలా బిగుసుకుపోయేది, దాన్ని మెత్తబరచడానికి క్రీము కావాల్సి వచ్చేది. ఇప్పటి ప్యాడ్ తోలు కాదు, దానికి ఏమీ అక్కర్లేదు. రెండు గంటలు దాటి తొక్కే రోజు తొడలు ఒరుసుకునే చోట కాస్త కొబ్బరినూనె రాసుకుంటే నాకు సరిపోతోంది.

ఒక నిక్కరు చాలు అన్నాను కదా, దానికి ఒక షరతుంది. ఇంటికి రాగానే విప్పి ఉతికెయ్యాలి. తడి నిక్కరుతో కూర్చుని టిఫిన్ చేసి, ఫొటోలు పంపుకుని, అప్పుడు స్నానానికి వెళ్తే సెగ్గడ్డలు లేస్తాయి, ఫంగస్ పట్టుకుంటుంది. ఈ ఊరి ఉక్కకి అది వదిలించుకోవడం చాలా కష్టం. చల్లటి నీళ్ళలో మామూలు సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నొక్కి, ప్యాడ్ పైకి వచ్చేలా తిరగేసి నీడలో ఆరెయ్యండి. సువాసన కోసం వేసే కంఫర్ట్ లాంటివి వద్దు, అవి బట్ట మీద పొరలా పేరుకుని చెమటని పీల్చనివ్వవు. వానాకాలంలో ఒక రోజులో ఆరదు, రోజూ తొక్కేవాళ్ళు అప్పుడు రెండోది కొనుక్కోవాలి.

ఇక "మనుషుల్లో ఎలా" అన్న సంగతి. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం. మన వీధిలో మనని చిన్నప్పటినుంచి చూసినవాళ్ళు ఉంటారు, అత్తగారు ఉంటారు, సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండివాడు చూపు తిప్పడు. నచ్చని బట్టలేసుకోవాల్సి వస్తుందని ఎంతమంది సైకిలు మానేశారో నాకు తెలుసు. నిక్కరు లోపల వేసుకుని, దాని మీద మామూలు వదులు షార్ట్సో, ట్రాక్ ప్యాంటో, మోకాళ్ళ దాకా వచ్చే కుర్తీయో వేసుకోండి. ఏ నష్టమూ లేదు. పని చేసేది లోపలిదే. నేను మొదటి సంవత్సరమంతా ప్యాడ్ నిక్కరు మీద పల్చటి ట్రాక్ ప్యాంటు వేసుకునే తొక్కాను. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు, వాళ్ళు చీరల్లో, లంగా ఓణీల్లో తొక్కారు. నీళ్ళు తెచ్చుకోవడానికి, పనికి వెళ్ళడానికి, పిల్లల్ని దింపడానికి. ఏం వేసుకుంటే బయటికి రాగలుగుతారో అది వేసుకుని రండి.

కుర్తీ విషయంలో మాత్రం రెండు జాగ్రత్తలు. చున్నీ ఇంట్లో వదిలెయ్యండి, వెనక చక్రంలో చిక్కుకుంటే మెడకి బిగుసుకుంటుంది. తప్పనిసరైతే రెండు భుజాల మీదుగా తెచ్చి నడుం దగ్గర గట్టిగా ముడెయ్యండి. ఇంకా, కుర్తీ పక్క చీలికలు పైదాకా ఉండాలి, లేకపోతే వెనక భాగం సీటు ముక్కుకి తగులుకుని, మనం లేచి నిలబడి తొక్కినప్పుడు పట్టి లాగేస్తుంది. ఒకసారి కైలాసగిరి ఎక్కుతూ అలాగే పడ్డాను.

ప్యాంటు అంచుల సంగతీ ఇలాంటిదే. మా నాన్న సైకిలుకి చైన్ మొత్తం కప్పేసే రేకు డబ్బా ఉండేది, ఆయన పంచె కట్టుకుని కూడా తొక్కేవారు. ఇప్పటి గేర్ల సైకిళ్ళకి చైన్ కవరు ఉండదు, చైన్ ఒక పళ్ళచక్రం నుంచి ఇంకో దానికి మారాలి కాబట్టి మొత్తం మూసేయడం కుదరదు. కుడికాలు ప్యాంటు అంచు అందులో పడిందంటే గుడ్డ చిరగడమే కాదు, కాలు అక్కడే ఇరుక్కుని మనిషి పక్కకి పడిపోతాడు. పాతకాలంలో ప్యాంటుకి స్టీలు క్లిప్పు పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఒక వెల్క్రో పట్టీ చాలు, అదీ లేకపోతే జుట్టుకి పెట్టుకునే రబ్బరుబ్యాండు, లేదా ప్యాంటు అంచుని సాక్సులోకి దోపేసుకోవడం. కుడి బూటు లేసు చివరలు కూడా లోపలికి తొయ్యండి.

పైన వేసుకునే దానికి జెర్సీ అక్కర్లేదు. స్కూలు పిల్లలు ఆటలప్పుడు వేసుకునే పాలిస్టర్ టీషర్టు చాలు, జగదాంబ చుట్టుపక్కల షాపుల్లో 200, 250కి దొరుకుతాయి. చాలామంది ఇళ్ళలో ఏ మారథాన్‌లోనో ఇచ్చినవి ఊరికే పడుంటాయి. ఇక్కడ ఒక విషయంలో నేను చాలారోజులు మొండికేశాను. చిన్నప్పటినుంచీ ఎండాకాలం కాటనే వేసుకోవాలని విన్నాం, అది నీడలో కూర్చునేవాళ్ళకి నిజమే. కాటన్ దారం తడిని తనలోకి తాగుతుంది. మామూలు గాలిలో ఊరికే ఉంచినా తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ దారం అర శాతం కూడా పట్టదు. సైకిలు మీద చెమట బకెట్లతో పోసినట్టు కారుతుంది, కాటన్ దాన్నంతా తాగి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, ఇంటికి చేరేదాకా ఆరదు. పాలిస్టర్ మీద చెమట పల్చగా పరుచుకుని గాలికి ఎగిరిపోతుంది, అది ఎగిరిపోతేనే ఒళ్ళు చల్లబడుతుంది. మా ఊళ్ళో గాలే తడిగా ఉంటుంది కాబట్టి అది కూడా అనంతపురంలోనో కర్నూలులోనో ఆరినంత తొందరగా ఆరదు, అయినా తొక్కుతున్నంతసేపూ గాలి తగులుతూనే ఉంటుంది, తేడా మొదటి రోజే తెలిసిపోయింది. వాసన మాత్రం పాలిస్టర్‌కే ఎక్కువ పడుతుంది, రెండోరోజు వేసుకోలేం. కొనేటప్పుడు వెనక పొడుగు చూసుకోండి, ముందుకి వంగితే నడుం బయటపడకూడదు. చంకల్లో గట్టి కుట్టు ఉంటే వద్దు. స్పోర్ట్స్ బ్రా కూడా కాటన్‌ది కాకుండా, వెనక కొక్కేలు లేనిది చూసుకోండి.

చేతులకి ఎండ తగలకుండా స్కూటీ వాళ్ళు వేసుకునే స్లీవ్స్ చాలు, వందలో వస్తాయి. గ్లవ్స్ నేను మొదట దండగ అనుకున్నాను, కానీ గంట తొక్కాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. అరచేతి అంచున పోయే నరం హ్యాండిల్‌కి నొక్కుకుపోవడం వల్ల అలా అవుతుందట. పల్చటి ప్యాడ్ ఉన్న సగం వేళ్ళ గ్లవ్స్ కొన్నాక, చేతులు మార్చి మార్చి పట్టుకోవడం అలవాటయ్యాక తగ్గింది. బూట్లు ఇంట్లో ఉన్నవే వేసుకోండి, అడుగు మరీ స్పాంజిలా వంగిపోకుంటే చాలు. హవాయి చెప్పులు మాత్రం వద్దు, వానలో పెడల్ మీంచి జారతాయి.

డబ్బు పెట్టాల్సిన ఇంకో చోటు మనం అవతలివాళ్ళకి కనబడటం, అది కూడా చవకే. తెల్లవారుజామున మొదలుపెట్టేవాళ్ళం కదా, నల్ల టీషర్టు, నల్ల నిక్కరు వేసుకుంటే లారీ డ్రైవరుకి మనం లేనట్టే. చాలామంది మెరిసే ఆకుపచ్చ టీషర్టు కొనుక్కుని సరిపోయిందనుకుంటారు. ఆ రంగు పగలే మెరుస్తుంది, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే దానికి ఆ మెరుపు. చీకట్లో హెడ్‌లైట్ వెలుగుకి అది మామూలు రంగే. రాత్రికి కావాల్సింది వెలుగుని తిరిగి డ్రైవరు కళ్ళలోకే కొట్టే వెండిరంగు పట్టీలు. గాజువాక వైపు ఫ్యాక్టరీ పనివాళ్ళకి సేఫ్టీ సామాను అమ్మే షాపులున్నాయి, అక్కడ అలాంటి పట్టీలున్న జాలీ కోటు 120కి కొన్నాను, గాలి ఆడుతుంది, ఏ టీషర్టు మీదైనా వేసుకోవచ్చు. రెండు చీలమండలకీ అలాంటి పట్టీ ఒక్కోటి కట్టుకోండి. కాళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ వెలుగు కూడా ఆడుతుంది, అది స్తంభం కాదు, సైకిలు తొక్కే మనిషి అని దూరం నుంచే తెలిసిపోతుంది. ప్యాంటు అంచు చైన్‌లో పడకుండా ఆపేదీ అదే పట్టీ. హెల్మెట్ గురించి బేరం పెట్టకండి, లోపల ఈఎన్ 1078 (సైకిలు హెల్మెట్లకి యూరప్ వాళ్ళ ప్రమాణం) అని రాసున్నది చూసి, కనుబొమలకి రెండు వేళ్ళ ఎత్తులో కూర్చునేది తీసుకోండి.

వానకి రెయిన్‌కోటు కొనాలా అని కూడా అడిగింది. మన వాన చల్లగా ఉండదు, ప్లాస్టిక్ కోటు లోపల చెమటతో అంతకన్నా ఎక్కువ తడుస్తాం. ఫోన్ మాత్రం పాలకవరులో చుట్టుకుని హాయిగా తడవమన్నాను. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళే రోజు వచ్చినప్పుడు వేరే సంగతి. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిపోయి, దిగేటప్పుడు ఆ తడి మీద గాలి కొడితే పళ్ళు టకటకలాడతాయి. పాతకాలం రేసుల్లో కొండ మీద న్యూస్‌పేపరు తీసుకుని టీషర్టు లోపల ఛాతీ మీద పెట్టుకుని దిగేవాళ్ళు. పోయిన డిసెంబరులో నేనూ అదే చేశాను, టీకొట్టులో అడిగి తీసుకున్న పాత పేపరు కింద లోయలోకి దిగేదాకా కాపాడింది.

చివరికి తన 9 వేల లిస్టుని మార్చి రాస్తే అందులో ఉన్నవి నిక్కరు, గ్లవ్స్, కాలి పట్టీలు, హెల్మెట్. టీషర్టు మా మరిదిది ఒకటి ఉంది, జాలీ కోటు నా పాతది ఇస్తానన్నాను. నిక్కరు కొనడానికి శనివారం సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్తున్నాం, పైన వేసుకోవడానికి తన కుర్తీ కూడా తెచ్చుకోమన్నాను, ట్రయల్ రూములో రెండూ కలిపి వేసుకుని వంగి చూసుకోవాలి కదా. ఆదివారం పొద్దున ఐదున్నరకి కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుస్తాం. మొదటిసారి కాబట్టి తెన్నేటి పార్కు దాకానే.